ముప్పై ఇళ్ళ బియ్యం

ఆ మార్చిలో పోయినవి ఇవి. పందొమ్మిదేళ్ళు చేసిన ఉద్యోగం ఒకటి. ఈ పరాయి దేశంలో, ఓడరేవు పక్క తంజోంగ్ పగార్‌లో, ఎనిమిదో అంతస్తు కిటికీ పక్క కుర్చీ ఒకటి. తలుపు తెరిచే కార్డు ఒకటి. మధ్యాహ్నం కలిసి తినే స్నేహితులు నలుగురు. మూతపడుతూ కంపెనీ ఇస్తానన్న మూడు నెలల జీతంలో రెండు నెలలది. అమ్మాయి ట్యూషన్లు రెండు. నా ఒంట్లో నాలుగు కిలోలు. పొద్దున్నే స్నానం చేయడానికి ఉన్న కారణం ఒకటి. మొత్తం పదహారు.

రకరకాల వాటిని కలిపి కూడకూడదని బడిలో లెక్కలు నేర్చినవాళ్ళు చెబుతారు. నేను బడిలో నేర్వలేదు. ఓడలకు సరుకులు అందించే ఆ కంపెనీలోనే, ఉల్లిపాయల బస్తాలు, నూనె డబ్బాలు, సబ్బు పెట్టెలు లెక్కపెడుతూ సొంతంగా పట్టుకున్నాను. అక్కడ అన్నీ కలిపే కూడేవాళ్ళం, ఓడ మునగకుండా ఎంత మోస్తుందో తెలియాలి కాబట్టి.

పదిహేడోది కొన్ని వారాల తరువాత గాని తెలియలేదు. పందొమ్మిదేళ్ళుగా జీతంలో పదోవంతు తీసి కవరులో పెట్టేవాణ్ణి. సీపీఎఫ్ అనే ఇక్కడి భవిష్యనిధి కోతకు ముందున్న మొత్తం మీదే దశమభాగం లెక్కవేసేవాణ్ణి. సెంట్లు మిగిలితే పై డాలరుకు సరిచేసేవాణ్ణి. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో కానుకలు లెక్కపెట్టేది కూడా నేనే. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఖాళీ కవరు ముందు పెట్టుకుని కూర్చుంటే, దాని మీద రాయడానికి అంకె లేదు. సున్నాలో పదోవంతు సున్నా. దేవుడితో నేను ఇన్నేళ్ళూ మాట్లాడినది ఆ ఒక్క అంకెతోనేమో అనిపించింది. కలానికి మూతపెట్టాను.

మా అమ్మాయికి ఆ ఏడాది అక్టోబరు, నవంబరుల్లో పదో సంవత్సరం చివరి పరీక్షలు. దాచుకున్న డబ్బు జూన్ దాకా వస్తుంది. యూ టీ రైలు స్టేషను పక్కన మేముండేది అద్దె ఫ్లాట్. జూన్ సెలవుల్లో తల్లీకూతుళ్ళను కాకినాడ పంపేసి, నేనొక గదిలో మంచం అద్దెకు తీసుకోవాలని లెక్క తేల్చాను. అలా చేస్తే పిల్ల ఇక్కడి పరీక్ష రాయదు, నాలుగేళ్ళ చదువు ఎటూ కాకుండా పోతుంది. టికెట్ల ధర చూపిస్తే నా భార్య కాగితం మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది.

"ఇప్పుడే కొనకండి."

"ఆలస్యమైతే ధర పెరుగుతుంది."

"పెరగనివ్వండి. మనం వెళ్ళాలని ఎవరన్నారు, మీ కాలిక్యులేటరా?"

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. ఆమె ఒక పిల్లల సంరక్షణ కేంద్రంలో వంటపనికి చేరింది. అమ్మాయి బడిలో ఉండేది. నేను వారానికి రెండు రోజులు దుకాణాల్లో సరుకు లెక్కపెట్టే చిల్లర పనికి వెళ్ళేవాణ్ణి, మిగిలిన రోజులు కిటికీ దగ్గర ఉండేవాణ్ణి. ఎత్తు మీది పట్టాల పైన రైళ్ళు వచ్చి పోయేవి. వాన మొదలైతే ఎదురు బ్లాకు మెల్లగా చెరిగిపోయేది, కడిగిన అంకెలాగా. ఆరబెట్టిన బట్టలు, వరండా దీపాలు, ఎవరో పిలిచే పిల్లవాడి పేరు, అన్నీ నీళ్ళలోంచి వచ్చినట్టుండేవి. నిద్రపోయానో లేదో తెలిసేది కాదు. ఎన్ని రైళ్ళు పోయాయో మాత్రం తెలిసేది.

మా సహవాసం ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఫ్యాక్టరీ భవనం మూడో అంతస్తులో, అద్దె హాల్లో కూడుతుంది. ముప్పై కుటుంబాలం. పిడికిలి బియ్యం అనే అలవాటు మా ఊళ్ళ సంఘాల నుంచి ఇక్కడికీ వచ్చింది. ఇంట్లో అన్నానికి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారమంతా పోగైనది ఆదివారం తెస్తారు. ఊళ్ళో అయితే అది పాస్టరుగారి ఇంటికి పోతుంది. ఇక్కడి పాస్టరుగారు వారమంతా బ్యాంకులో కంప్యూటర్ల పని చేస్తారు, ఆయనకు బియ్యం లోటు లేదు. అందుకని వెనక గదిలో నీలం డ్రమ్ములో అందరిదీ కలిపి పోసి, అవసరమున్న ఇంటికి పంపుతారు. ఏ ఇంటికో డ్రమ్ము చూసుకునే ఆంటీకి తప్ప ఎవరికీ తెలియదు. డబ్బు లెక్క నాది, బియ్యం ఆమెది.

ఆంటీ మలేషియాలో, పెరాక్ వైపు తోటల్లో పుట్టిన తెలుగామె. పెళ్ళయ్యాక ఇటు వచ్చి వుడ్‌ల్యాండ్స్‌లో స్థిరపడింది. డెబ్బై దాటాయి. ఆమె తాతల నాటి తెలుగులో తమిళం, మలయ్ భాష కలిసి ఉంటాయి, మాట చివర ఇక్కడి అందరిలాగే ఒక 'లా' చేరుతుంది. నాదీ ఆమెదీ ఒకే రైలు దారి. యూ టీ ముందు వస్తుంది, ఆమె ఇంకా ముందుకు పోవాలి.

ఏప్రిల్ నెల నడిమి ఆదివారం లిఫ్టు దగ్గర ఒక గుడ్డసంచి నా చేతికిచ్చింది.

"బాబూ, సెయ్యి నొప్పెడతంది. కాస్త పట్టుకో."

రైల్లో సంచి నా కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఆమె కిటికీలోకి చూస్తూ కూర్చుంది. యూ టీ వచ్చింది. నేను లేచి సంచి ఆమె పక్కన పెట్టాను. ఆమె దాన్ని కాలితో నా వైపు తోసింది.

"ఆంటీ, మీ సంచి."

"నాదేటి? నీదే లా. దిగు దిగు, తలుపు మూసేస్తాడు."

"ఆంటీ, మాకు అవసరం..."

"అబద్దం ఆడితే ఆదివారం పూట పాపం. దిగు!"

తలుపులు మూసుకునే చప్పుడు మొదలైంది. వెనకనున్న చైనీస్ పెద్దాయన కూడా నన్నే చూస్తున్నాడు. సంచి పట్టుకుని దిగాను. రైలు కదిలాక అద్దంలో ఆంటీ నా వైపు చూడనే లేదు. తనకేమీ తెలియనట్టు కూర్చుంది.

ఇంటికొచ్చి వంటింటి త్రాసు మీద తూచాను. నాలుగున్నర కిలోలు. పక్కన మా డబ్బా ఉంది కదా అని, నా భార్యను పదిసార్లు పిడికెడు తీయమని సగటు చూశాను. నలభై అయిదు గ్రాములు. అంటే సంచికి సరిగ్గా వంద పిడికిళ్ళు.

ఆ బియ్యం వండటం ఒక పరీక్ష. సోనా మసూరి, పొన్ని, బాస్మతి, ఇక్కడి సువాసన బియ్యం, షుగరున్నవాళ్ళు తినే దంపుడు బియ్యం, ఎక్కడో ఒక ఎర్రగింజ. ఒకటి మెత్తబడేసరికి ఇంకొకటి పలుకుగా ఉండేది. నా భార్య రెండున్నర నీళ్ళు పోసి చూసింది, రెండుంపావు పోసి చూసింది. ఏ రోజూ ఒకేలా ఉడకలేదు. తింటుంటే పంటి కింద తగిలిన ప్రతి గట్టి గింజా ఒక ఇంటిది అనిపించేది. వాన పడుతున్న సాయంత్రాల్లో కంచం ముందు కూర్చుంటే నాకు వంటిళ్ళు కనబడేవి. ముప్పై వంటిళ్ళు, ముప్పై కుళాయిలు, గిన్నెలోకి దిగి మూసుకుని పైకి లేచే చేతులు. గాజులున్నవి, పిండి అంటినవి, ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి ఉంగరం తీయనివి. అది నాకు చేరుతోందని వాళ్ళెవరికీ తెలియదు. ఒక్కొక్క చెయ్యీ నా కంచం మీద తెరుచుకుని వెళ్ళిపోయేది. చాలాసేపు అలా చూస్తుండేవాణ్ణి.

"డాడీ, రైస్ కోల్డ్ అయిపోతోంది లా," అనేది అమ్మాయి.

ఒకరోజు గమనించాను. ఆ సంచిలోంచి కొలిచిన బియ్యంలోంచి కూడా నా భార్య ఒక పిడికెడు తీసి, పాత డబ్బాలోనే వేస్తోంది.

"అదేంటి? అక్కణ్ణుంచి వచ్చిందే మళ్ళీ అక్కడికా?"

"ఆఁ."

"దానికంటే ఒక పిడికెడు తక్కువ తెచ్చుకుంటే సరిపోతుంది కదా. లెక్క ఒకటే."

"మీ లెక్కలో ఒకటే. నేను ఇప్పటిదాకా ఇచ్చే మనిషిని. ఇప్పుడు కూడా ఇచ్చే మనిషినే. నీళ్ళు పొంగుతున్నాయి, పక్కకు జరగండి."

జరిగాను. నా కవరు నాలుగు వారాలుగా ఖాళీ. నెల జీతం లేనప్పుడు ఇవ్వనక్కర్లేదని నేను న్యాయంగానే తేల్చుకున్నాను, ఆమె ఆ లెక్క వేయనే లేదు.

మేలో, జూన్‌లో ప్రతి ఆదివారం సంచి వచ్చింది. జూన్ మొదట్లో టికెట్ల కాగితం మళ్ళీ తీశాను. ఆమె సంచి వైపు చూసింది. "ఇది అయ్యాక చూద్దాం," అంది. అది అయ్యేసరికి ఇంకొకటి వచ్చేది. మళ్ళీ అదే మాట. బియ్యం అద్దె కట్టదని నాకు తెలుసు. సంచి విలువ పది డాలర్లు దాటదు. అద్దె ఆమె వంటపని జీతం, నా చిల్లర పని, మిగిలిన డబ్బూ కలిపి ఎలాగో కట్టాం, రెండుసార్లు ఆలస్యంగా. కానీ ఇంట్లో సంచి ఉన్న వారంలో ప్రయాణం మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. అలా వారం వారం చొప్పున జూన్ దాటింది, జూలై దాటింది. అమ్మాయి ఆ అన్నం తింటూనే పరీక్షలకు వెళ్ళింది. నవంబరు నడిమికి చివరి పేపరు రాసి వచ్చి, బూట్లు విప్పకుండా నేల మీద పడుకుంది.

"అయిపోయిందా?" అన్నాను.

"ఫినిష్. టోటల్ ఫినిష్," అంది, కళ్ళు మూసుకుని నవ్వుతూ.

ఆ వారంలోనే నాకు ఒక గిడ్డంగి ఆఫీసులో ఉద్యోగం దొరికింది, పాత జీతంలో ముప్పావు. ఆ ఆదివారం ఆంటీతో చెప్పి సంచులు ఆపించాను. అప్పటికి ముప్పై ఒకటి. నూట ముప్పై తొమ్మిదిన్నర కిలోలు. మూడు వేల నూరు పిడికిళ్ళు.

మొదటి జీతం రాగానే దశమభాగం తీశాను, తరువాత బాకీ తీర్చడానికి బయలుదేరాను. పాతిక కిలోల బస్తాలు ఆరు కొన్నాను, సోనా మసూరి, మంచి రకం. నూట యాభై కిలోలు. పైన పదిన్నర కిలోలు నా కానుక అనుకున్నాను. వ్యాను మాట్లాడుకుని, బస్తాలు లిఫ్టులో మూడు విడతలుగా పైకి చేర్చి, నీలం డ్రమ్ము పక్కన పేర్చాను. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఇంత తేలిగ్గా నాకు చాలా నెలలుగా లేదు. ఆంటీ వచ్చి చూసి, ఒక బస్తా మీద కూర్చుంది.

"ఏటిది బాబూ? కొట్టు ఎడతన్నావా?"

"నేను తీసుకున్నది ఆంటీ. పైన కొంచెం ఎక్కువే ఉంది. డ్రమ్ములో పోయించండి."

"తాక్ బోలే. కుదరదు."

"ఎందుకు కుదరదు? మంచి బియ్యమే."

"బియ్యం మంచిదే లా. నీకు నేను బస్తా ఇచ్చినానా? ముప్పై మంది తమ కుండకి తీసిన దాన్లోంచి తీసినారు. ఆ పూట ఆల్లకి ఒక ముద్ద తగ్గింది. ఈ బస్తాకి నీకు ఏ పూట తగ్గింది సెప్పు?"

జీతంలో తగ్గింది అనబోయాను గాని, ఆమె అడిగింది అది కాదు.

"ఇయి వర్కర్ల హాస్టలుకి పంపుదాం, పనికొచ్చిన కుర్రోళ్ళు తింటారు. నీ కానుక, దేవుడికి సంతోషం. బాకీ అంటావా, అది డ్రమ్ములో ఉంది. నువ్వు వండుకో, నువ్వు తియ్యి."

"నేను వండాలా?"

"మరి మీ ఆవిడ ఎనిమిది నెల్లూ తీసింది. ఆ పిల్ల సెయ్యి ఆ పిల్లది. నీ సెయ్యి ఏది?"

వెనక గదిలో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఆ సోమవారం నుంచి మా ఇంట్లో సాయంత్రం అన్నం నేను వండుతున్నాను. మొదట్లో మాడ్చాను, తరువాత పలుచన చేశాను. గ్లాసుతో బియ్యం కొలిచి, గిన్నెలో పోసి, చెయ్యి పెట్టి మూసి ఎత్తుతాను. ఆ క్షణంలో ప్రతిసారీ ఒక చిన్న లోభం కదులుతుంది, వేళ్ళు కాస్త వదులు చేద్దామని. తీసినదానికి బదులు మళ్ళీ కొలవను. ఆ పూట మా ముగ్గురిలో ఒకరికి రెండోసారి అన్నం తక్కువ పడుతుంది, సాధారణంగా నాకే. నా పిడికిలి నలభై అయిదు గ్రాముల కంటే పెద్దది, కానీ ఒకటిని ఒకటిగానే రాస్తున్నాను. నాకు వచ్చినవాటిలో ఏది పెద్ద చెయ్యో ఏది చిన్న చెయ్యో నేను తూచుకోలేదు కదా. బియ్యం గలగలమని డబ్బాలో పడేటప్పుడు, ఇది ఎవరి కంచం మీద తెరుచుకుంటుందో అని కాసేపు నిలబడతాను. ముఖం కనబడదు. కనబడకపోవడమే బాగుంటుంది.

నా భార్య డబ్బా వేరు, నాది వేరు. ఆమె వేసినవి ఈ బాకీలో కలపడానికి ఆమె ఒప్పుకోలేదు. అమ్మాయి ఇప్పుడు పాలిటెక్నిక్ ముగించి ఉద్యోగం చేస్తోంది. దానికి అన్నం మీద అంత ఇష్టం లేదు గాని నా నోటుపుస్తకం చూసి అడుగుతుంది.

"డాడీ, స్టిల్ ఓయింగ్ ఆ?"

"ఇంకా ఉంది."

"ఎప్పటికి అవుతుంది?"

"ఇలాగే వండితే ఇంకో అయిదేళ్ళ పైన."

నాలుగేళ్ళయింది. జ్వరాలు, ప్రయాణాలు, బయట తిన్న పూటలు తీసేస్తే, నిన్న సాయంత్రానికి వేసినవి పదమూడు వందల నలభై మూడు. మూడు వేల నూరులోంచి అవి పోగా, ఈ రోజుకు నేను ఇవ్వవలసినవి పదిహేడు వందల యాభై ఏడు పిడికిళ్ళు.