లెబనాన్ ర్యాపరుకు నేను కప్పిన శాలువాలు

ఒక మనిషికి మేలు చేయబోయి, అతని కళ్ళముందే అతని అరగంటను నమిలి మింగేసిన ఘనత నాకుంది. అదీ సింగపూరులోని ఆంగ్ మో కియోలో, మూడు వందల మంది సాక్షిగా. చదివి మీరు నవ్వితే నాకేం అభ్యంతరం లేదు. మా అమ్మాయి స్వాతి ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేను జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో పనిచేసేవాణ్ణి. పక్క సీటు ఎలీది, లెబనాన్ రాజధాని బీరూట్ మనిషి. పొద్దున్నే బూన్ లే దగ్గర బస్సెక్కగానే ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి వాళ్ళ ఊరి ర్యాప్ వినిపించేవాడు. మొదట్లో గ్రైండర్లో పడి ఎవరో పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. పోను పోను, అది వినకపోతే నాకు తెల్లవారినట్టు ఉండేది కాదు.

"ఇది పుస్తకాల అరబ్బీ కాదు," అన్నాడు ఎలీ ఇంగ్లీషులో. "మా వీధుల్లో మాట్లాడుకునేది. మధ్యలో ఫ్రెంచూ ఇంగ్లీషూ కూడా దొర్లుతాయి. పండితులకు ఒళ్ళు మంట."

"మా దగ్గరా వాడుక భాష కోసం జుట్లు పట్టుకున్నారయ్యా!" అని నేనతన్ని కావిలించుకున్నంత పని చేశాను.

ఎలీ పినతల్లి కొడుకు నదీమ్ కూడా ర్యాపరే. నలభై మంది పట్టే బేస్‌మెంట్లలో పాడేవాడు. అతని తాత జజల్ కవి. జజల్ అంటే ఇద్దరు కవులు ఎదురెదురుగా కూర్చుని, డప్పు దరువు మీద, అప్పటికప్పుడు పద్యాలల్లి ఒకరినొకరు ఉతికి ఆరేసుకోవడం. మన ఆశుకవిత్వమూ తిట్టుకవిత్వమూ కలిసి కాపురం పెట్టినట్టన్నమాట.

ఓ రోజు ఎలీ అడిగాడు. "నదీమ్ సింగపూరు వస్తున్నాడు. ఫ్రాన్స్‌లో ఒక సంగీతోత్సవం వాళ్ళు నిండు హాల్లో పాడిన వీడియో పంపమన్నారట. వాడికి నిండు హాలు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ ఉగాది సభలో ఒక అరగంట దొరుకుతుందా?"

"అరగంటేమిటి, సభంతా నీదే!" అన్నాను. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆవిడ లలిత ఒక్కటే అడిగింది.

"ఆ అబ్బాయిని పరిచయం చేసేదెవరండీ?"

"ఇంకెవరు? నేనే."

"అయ్యో పాపం," అంది. ఎవరి గురించి అందో అప్పుడు నాకు తట్టలేదు.

ఆదివారం సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు దాకా నదీమ్‌ది. హాలు చూసుకునే చైనీస్ ఆంటీ, మాట చివర "లా" తగిలించే సింగపూరు ఇంగ్లీషులో ముందే హెచ్చరించింది. "సిక్స్ ఓ క్లాక్ మస్ట్ క్లోజ్, అంకుల్. సిక్స్ ఓ వన్ కెనాట్ లా."

సరిగ్గా ఐదున్నరకు మైకు పట్టుకుని, "సమయాభావం వల్ల రెండే ముక్కలు," అన్నాను. సభల్లో ఈ మాట వినగానే అనుభవజ్ఞులు కుర్చీలో సర్దుకుని కళ్ళు మూసుకుంటారని మీకు తెలిసిందే. మొదటి ముక్క లెబనాన్ దేశ నైసర్గిక స్వరూపం. రెండో ముక్క నదీమ్ తాతగారు. తాతగారి దగ్గర నాకు పూనకం వచ్చింది. నా మాటలు కోటలు దాటాయి గాని, కార్యక్రమం గడప దాటలేదు.

ఆ పైన శాలువా కప్పాను. స్వర్గస్థులైన తాతగారి తరఫున మనవడికే ఇంకోటి కప్పాను. జ్ఞాపిక ఇచ్చి, ఫోటో సరిగా పడలేదంటే వెనక్కి లాక్కుని మళ్ళీ ఇచ్చాను. ముందు వరుసలోంచి స్వాతి "నాన్నా, ఎనఫ్ లా!" అని వాచీ చూపిస్తోంది. ఎలీ రెండు చేతులూ జోడించాడు. మన సంస్కారం ఇతనికి ఎంత తొందరగా పట్టుబడిందో అని మురిసిపోయి, నేనూ తిరిగి నమస్కారం పెట్టి కొనసాగించాను.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను నదీమ్ సొమ్మే నదీమ్‌కు దానం చేశాను. ముగించేసరికి ఐదూ యాభై రెండు.

నదీమ్ రెండు శాలువాల కింద చెమటలు కక్కుతూ మైకు అందుకున్నాడు. పాటల జాబితా మడిచి జేబులో పెట్టేసి, నా వంక వేలు చూపించి మొదలుపెట్టాడయ్యా! అప్పటికప్పుడు అల్లుతున్నాడని తెలుస్తూనే ఉంది. నేను నిలబడే తీరు, చేతులూపే తీరు, శాలువా కప్పే తీరు అన్నీ అభినయిస్తున్నాడు. ఎలీ వెంట వచ్చిన లెబనాన్ వాళ్ళు కుర్చీల్లోంచి జారిపోతున్నారు. పొగుడుతున్నాడనుకున్నాను. శాలువా కప్పితే పొగడరా మరి?

పాట అయిపోగానే లేచి, పద్యనాటకంలో రాగం విన్నవాడిలా "వన్స్ మోర్!" అని అరిచాను. నన్ను చూసి హాలంతా లేచి అరిచింది. మళ్ళీ పాడాడు. "వన్స్ మోర్!" మూడోసారి, చేతులు పైకెత్తి ఏదో మొరపెట్టుకునే చరణం దగ్గరికొచ్చాడు. అప్పుడే ఆరైంది. ఆంటీ మెయిన్ స్విచ్చి ఆపేసింది.

చీకటి. మైకు మూగబోయింది. ఆ చీకట్లో నదీమ్ మోకాళ్ళ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్న చప్పుడు.

బయటికొచ్చాక ఎలీని పట్టుకున్నాను. "పాట నా గురించేనా?"

"పూర్తిగా నీ గురించే."

"ఏమన్నాడు? కాస్త గట్టిగా చెప్పు, మా ఆవిడ కూడా వినాలి."

ఎలీ గొంతు సవరించుకున్నాడు. "మా ఊళ్ళో రోజూ కరెంటు పోతుంది. పాట మధ్యలో మైకు చస్తుంది. ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. ఈ ఊళ్ళో కరెంటు పోదు, ఈ పెద్దమనిషి నోరు ఆగదు. దేవుడా, నాదే తప్పు! ఒక్కటంటే ఒక్క పవర్ కట్ ప్రసాదించు!"

"దాన్ని మూడుసార్లు పాడించుకున్నారు కదండీ," అంది లలిత తాపీగా.

అప్పుడు నిజంగానే సిగ్గేసింది. అంత దూరం నుంచి తెచ్చుకున్న పాటల్లో ఆ అబ్బాయి ఒక్కటీ పాడలేదు. వెళ్ళి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "పర్లేదు అంకుల్. మా తాత ఉంటే ఆయనా మిమ్మల్ని ఇలాగే ఉతికేవాడు," అన్నాడు.

చేసేదిలేక, పాట అర్థం కింద రాసి ఉన్న వీడియోనే పంపాడు. మూడు వందల మంది లేచి కేకలు పెట్టడం చూసి ఉత్సవం వాళ్ళు మారుమాట లేకుండా ఒప్పుకున్నారట. ఒక్క ప్రశ్న మాత్రం అడిగారట: "తిట్లు తింటూ వన్స్ మోర్ కొట్టే ఆ హాస్యనటుణ్ణి కూడా వెంట తెస్తారా?"

కావున యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట నేను ఏ సభలోనూ మైకు ముట్టను. తప్పనిసరై ముట్టినా అతిథి పేరు చెప్పి దిగిపోతాను. వాళ్ళ తాతగారి జోలికి మాత్రం చచ్చినా పోను.