ఏడో గిన్నె

చిన్నప్పుడు మేం ఓ వంటింటికి చెప్పులు విప్పి దండం పెట్టాం... నవ్వకండి. అది ఓ మాజీ రాష్ట్రపతి గారు పుట్టిన ఇంటి వంటిల్లు.

మా చోడవరం బడివాళ్ళు ఏడో తరగతిని బస్సెక్కించి ఆయన సొంతూరు చూపించడానికి తీసుకెళ్ళారు. అక్కడో ముసలాయన, చేతిలో మడిచిన గొడుగుతో, అన్నీ చూపించుకుంటూ ముందు నడిచాడు. రాష్ట్రపతి గారు చదివిన బడి... ఈదిన కాలవ... కూర్చున్న అరుగు... గొడుగు కొన ఎటు తిరిగితే మా నలభై తలకాయలూ అటే.

చివరికి ఆ పెంకుటిల్లు. "వానొస్తే ఆరు చోట్ల కారేది బాబూ. వాళ్ళమ్మగారు ఆరు గిన్నెలు పెట్టేవారు. ఆ చప్పుడులోనే చదువుకున్నారాయన" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మేం భక్తిగా నోటుబుక్కుల్లో రాసుకున్నాం... ఆరు గిన్నెలు.

నా పక్కన నూకరాజు. ఒకటో తరగతి నుంచీ మాది ఒకే బెంచీ. నా చెవిలో మెల్లగా, "ఒరే, మాయింట్లో ఏడు గిన్నెలెడతాం రా" అన్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది... రాష్ట్రపతి భవన్‌లో వాడికో గది ఖాయమైపోయినట్టు.

ఆ మాట నా ఒక్కడికే చెప్పాడు.

ఆ ఆదివారం ముసురు పట్టింది. నేను తాతయ్య గొడుగు పుచ్చుకుని, వీధిలో పిల్లల్ని వెంటేసుకుని, కాబోయే రాష్ట్రపతి సొంతూరి సందర్శన మొదలెట్టాను. కాబోయేవారు అంటే నేనే. మహానుభావుడు జారిపడ్డ మురిక్కాలవ... లెక్కలు రాక తన్నులు తిన్న ట్యూషనరుగు... పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నవ్వు ఆగితే నాకు ఊపిరాడదు.

నూకరాజు వాళ్ళింటి ముందు ఆగాను. గొడుగెత్తి, ఆ ముసలాయన గొంతుతో, "గమనించండి బాబూ... ఇచ్చట ఏడు గిన్నెలు. రాష్ట్రపతి గారి కంటే ఒకటెక్కువ. లోపలికెళ్ళేవారు గొడుగేసుకుని వెళ్ళగలరు" అన్నాను.

ఎంత నవ్వేరో...

గుమ్మంలో నూకరాజు. నిండిన గిన్నె పారబొయ్యడానికి వచ్చినట్టున్నాడు. వెనకాలే వాళ్ళమ్మ. ఆవిడకి నా మాట వినపడలేదు.

"ఏటి బాబూ, ఇంతమందొచ్చేరు?"

"మనిల్లు సూడ్డానికొచ్చేరమ్మా" అన్నాడు వాడు, నన్నే చూస్తూ.

ఆవిడ గబగబా గిన్నెలు పక్కకి జరిపి చాప పరిచింది. "తడిసిపోతన్నారు, లోనికి రండి" అని తలా ఓ బెల్లం ముక్క పెట్టింది. నాకు మాత్రం రెండు. "మా గుంటడు ఎప్పుడూ నీ మాటే సెప్తాడు బాబూ" అంది. పైనుంచి చినుకులు నా మెడ మీద పడుతూనే ఉన్నాయి. నూకరాజు మాత్రం ఆ గిన్నె పట్టుకుని బయట వాన్లోనే నిలబడ్డాడు.

సోమవారం వాడు బెంచీ మారిపోయాడు. ఏమిరా అని మాస్టారడిగితే, "బోర్డు కనబడ్డం లేదండి" అన్నాడు. వెళ్ళింది ఆఖరి బెంచీకి.

నాకు పదిమంది గొంతులొచ్చు... తప్పయిపోయిందిరా అనడానికి మాత్రం ఒక్క గొంతూ రాలేదు.

ఇప్పుడా వీధిలో పెంకుటిళ్ళు లేవు. వాళ్ళింటికీ స్లాబు పడింది. మొన్న మెయిన్ రోడ్డులో ఎదురై, బండాపి, "బాగున్నారా?" అన్నాడు నూకరాజు. ఒరే అన్నవాడు. బాగున్నానండి అన్నాను... ఇంకేమంటాను.

మిమ్మల్నీ "ఒరే" అనడం మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, కింద కామెంట్లలో పేరు రాయండి... నా వంతు రాసేశాను.