సన్నటి ధార

గ్యాస్ వెలిగే ముందు వచ్చే టిక్కు టిక్కు శబ్దం వింటే నాకు గ్రేసమ్మ ఆంటీ గుర్తొస్తారు. ఈ ఉదయం క్రైస్ట్‌చర్చ్‌లో పక్కింటివాళ్లు బార్బెక్యూ వెలిగిస్తుంటే మళ్లీ గుర్తొచ్చారు. ఆవిడది తెనాలి వైపు. వెనక మంచాలు, వంటగట్టు, మూలన చిన్న స్నానాలగది ఉన్న క్యాంపర్‌వ్యాన్లు నాలుగింటిని ఇదే దేశంలో పాపకూర అనే ఊళ్లో అద్దెకిచ్చేవారు. చదువయ్యాక నేను అక్కడ పనిలో చేరాను. ఆవిడ నోరు మంచిది కాదు. పొద్దున బండి కడిగేటప్పుడు మొదలుపెట్టిన సణుగుడు తాళం వేసేదాకా ఆగేది కాదు. ఆవిడంటే నాకు భయంగానే ఉండేది.

ఒక చలికాలం ఉదయం, మా బండిలో సముద్రతీరానికి వెళ్లిన వేణుగోపాల్ అనే ఆయన ఫోన్ చేశాడు. "మీ గీజర్ పాడైందండీ. నిన్నటి నుంచి వేడినీళ్లు రావట్లేదట. మా అమ్మ స్నానం చేయకుండా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. షుగర్ మనిషి. చన్నీళ్లు పోసుకుంటానంటే నేనే ఆపాను."

"స్టవ్ మీద కాచి ఇవ్వచ్చుగా?" అన్నాను.

"మేం తెచ్చుకున్న వంటగిన్నె చిన్నది, స్నానానికి చాలదు. అద్దె బండి గిన్నెల్లో ఎవరేం వండారోనని ఆ నీళ్లు వద్దంటోంది."

నాకు చిరాకేసింది. ఆంటీ మాత్రం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషే అయినా, ఆ మడిని ఒక్క మాట అనలేదు. తాళాలు తీసుకుని, "ఆ తల్లి కడుపు మాడుతుంటే నువ్వింకా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నావేంటే, పద!" అన్నారు.

మేం చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. పెద్దావిడ శాలువా కప్పుకుని మంచం అంచున కూర్చుని ఉంది. నేను వేడినీళ్ల కుళాయి తిప్పాను. టిక్కు టిక్కుమని గీజర్ వెలిగి నీళ్లు పొగలు కక్కాయి. గ్యాస్ బండ, బ్యాటరీ కూడా చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. "నీకు కుళాయి తిప్పడం కూడా రాదా అమ్మా!" అని కొడుకు విసుక్కున్నాడు. ఆవిడ తల దించుకుంది.

ఆంటీ చేతులు తుడుచుకుని ఆవిడ దగ్గరికి వెళ్లారు. "అమ్మా, మీరు నీళ్లు ఎట్టా పట్టుకుంటారో నాకోసారి చూపించండి."

ఆవిడ లేచి, బకెట్ మీద కుళాయిని కొంచెమే తిప్పింది. దారమంత సన్నగా నీళ్లు పడ్డాయి. గీజర్ చప్పుడు చేయలేదు. "బండిలో నీళ్ల ట్యాంకు చిన్నదన్నారుగా. ధారాళంగా వదిలేస్తే మనవలకి మిగలవేమోనని," అంది. ఆ రకం గీజర్‌లో నీళ్లు నిలవ ఉండవు, పారుతుండగానే వేడెక్కుతాయి. ధార మరీ సన్నగా ఉంటే అసలు వెలగనే వెలగదు. పిల్లల కోసం పొదుపు చేసి ఆ తల్లి తన నోరు తనే కట్టేసుకుంది.

కొడుకు నవ్వబోయాడు. "నవ్వమాక బాబూ," అన్నారు ఆంటీ. "ట్యాంకు చిన్నదని చెప్పింది మేము. ధార సన్నగుంటే ఇది వెలగదని చెప్పనిదీ మేమే. ఆవిడ మా మాటే విన్నారు. తప్పు మాది." తర్వాత ఆవిడ వైపు తిరిగి, "పూర్తిగా తిప్పండమ్మా. నిండగానే కట్టేయండి. ఎట్టా పట్టినా బకెట్టుకు పట్టేది బకెట్టు నీళ్లేగా," అన్నారు.

స్నానమై, ఆవిడ ఉప్మా పళ్లెం ఖాళీ చేసేదాకా ఆంటీ బండి మెట్టు మీదే కూర్చున్నారు. తిరిగొస్తుంటే నేను వెటకారంగా, "ఇంత దూరం వచ్చింది కుళాయి తిప్పడానికా ఆంటీ?" అన్నాను.

"కాదే, ఆవిడ తినడానికి."

ఆంటీ ఇప్పుడు లేరు. నేను ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఎవరైనా యంత్రం పనిచేయట్లేదంటే, సంచి కింద పెట్టి, మీరెలా వాడతారో చూపించమని అడుగుతాను. చాలాసార్లు యంత్రం బాగానే ఉంటుంది. అప్పుడు "మేం సరిగ్గా చెప్పలేదు" అనాలి, అదీ ఎదుటి మనిషి తల దించుకోకముందే. ఆంటీకి ఆ మాట చప్పున వచ్చేది. నాకు ఇప్పటికీ ఒక్క క్షణం ఆలస్యమవుతుంది.