తాళం ఇవ్వని గంగరాజు

బహ్రెయిన్‌లో చలేమిటని నవ్వేవాళ్ళను జనవరిలో ఒక తెల్లవారుజామున తీసుకెళ్ళి సఖీర్ ఎడారిలో నిలబెట్టాలి. నవ్వు దానంతటదే మాయమవుతుంది. ఆ చలి కోసమే ఇక్కడి కుటుంబాలు ఏడాదంతా ఎదురుచూస్తాయి. ఎండ తగ్గగానే ఎడారిలో డేరాలు వేసుకుని, మళ్ళీ ఎండ ముదిరేదాకా సెలవు రోజులన్నీ అక్కడే గడుపుతాయి. వాళ్ళు లేని రోజుల్లో ఆ డేరాలను కాచేది మనవాళ్ళే.

గంగరాజు అలాంటి కాపలా మనిషి. జగిత్యాల వైపు వాడు. మిగతా ఏడాదంతా సిత్రాలోని కూలీల క్యాంపులో ఉండి ఇనుప గొట్టాలు మోస్తాడు. చలికాలం రాగానే అతనికి వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, అబూ యూసుఫ్ తన డేరాల దగ్గరికి పంపుతాడు. "నీకేందిరా, దొర బతుకు" అని క్యాంపులో తోటివాళ్ళు కుళ్ళుకుంటారు. దొర బతుకట! గాలి లేచినప్పుడల్లా మేకులు మళ్ళీ కొట్టాలి, జనరేటరుకు డీజిల్ పోయాలి, సెలవు రోజుల్లో వచ్చిన చుట్టాలందరి గిన్నెలూ తోమాలి. గంగరాజు మాత్రం ఎవరితోనూ వాదించడు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, తప్పెవరిదైనా తల తనే దించుకుంటాడు. ఆ గుణం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇంత పిరికితనం పనికిరాదయ్యా అని మొహం మీదే అన్నాను కూడా. నవ్వి ఊరుకున్నాడు.

ఆ డేరాల్లో వారమంతా ఉండేవాళ్ళు ఇంకో ఇద్దరు: అబూ యూసుఫ్ తల్లి, ఆమెను చూసుకునే తబిత. తబిత రాజోలు దగ్గరి పిల్ల, ఈసా టౌన్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసానికి వస్తుంది. గంగరాజు నాకు తెలిసింది ఆమె వల్లే. ముసలావిడకు మతిమరుపు జబ్బు. నువైద్రాత్‌లోని ఇంట్లో ఉంటే గోడలు చూసి ఏడుస్తుంది, ఎడారిలో ఉంటే కడుపునిండా తింటుంది. అందుకని కొడుకు ఆమెను చలికాలమంతా అక్కడే ఉంచాడు. తల్లంటే అతనికి ప్రాణం. గంగరాజు ఆమెను 'అవ్వా' అని పిలుస్తాడు. ఆమె అతన్ని ఏనాడో పోయిన తన తమ్ముడి పేరుతో పిలుస్తుంది.

ఆ గురువారం సాయంత్రం అబూ యూసుఫ్ ఒక్కడే జీపులో వచ్చాడు. సామాన్ దించమని తాళం గంగరాజు చేతికిచ్చి పడుకున్నాడు. దించడం అయ్యాక తాళం గంగరాజు జేబులోనే ఉండిపోయింది.

శుక్రవారం తెల్లవారేసరికి పొగమంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. గంగరాజు చాయ్ పెడుతుండగా తబిత చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా, పెద్దావిడ లేదు! నేను మొహం కడుక్కునొచ్చేలోపు లేచి ఎటో వెళ్ళిపోయింది. దుప్పటైనా కప్పుకోలేదు."

"లొల్లి వెట్టకు చెల్లె. గీడనే ఏడనో ఉంటది" అన్నాడు గంగరాజు. అన్నాడు గానీ అప్పటికే పొయ్యి ఆర్పేసి లేచాడు. ఒక పక్క లారీలు తిరిగే దారి ఉంది. మరో పక్క ఎంత నడిచినా ఇసుకే.

మాటలకు అబూ యూసుఫ్ లేచాడు. సంగతి వినగానే నీళ్ళ ట్యాంకు దగ్గర ఆపిన జీపు వైపు పరుగెత్తాడు. గంగరాజు, తబిత వెనకే వెళ్ళారు.

"తాళం ఏదీ? యల్లా, తే!"

వాళ్ళ మధ్య నడిచేది సగం హిందీ, సగం అరబ్బీ. నేను తెలుగులో చెబుతున్నాను. గంగరాజు చెయ్యి జేబులోకి వెళ్ళి అక్కడే ఆగింది. కిందటేడు ఒక యార్డులో, దుమ్ము లేచిన వేళ వెనక్కి వస్తున్న లారీ కింద పడి దేవేందర్ పోయాడు. క్యాంపులో గంగరాజు పక్క మంచం అతనిదే. ఆ డ్రైవరు చెడ్డవాడేమీ కాదు. చూసుకోలేదు, అంతే.

"వద్దు అర్బాబ్. ఈ మంచులో బండి వద్దు. అవ్వ ఎక్కడుందో తెలియదు. నడిచి వెతుకుదాం."

ఇన్నేళ్ళలో ఈ మనిషి నోట 'వద్దు' అన్న మాట అబూ యూసుఫ్ వినలేదు.

"నీకు పిచ్చా? చలికి చచ్చిపోతుంది మా అమ్మ! ఇవ్వు తాళం!"

"నడుద్దాం అర్బాబ్."

అబూ యూసుఫ్ అతని చొక్కా పట్టుకున్నాడు. "ఖలాస్! నీ పని అయిపోయింది. రేపే విమానం ఎక్కిస్తా. ఇవ్వు!"

గంగరాజు తల దించుకున్నాడు. తల దించాక అడిగింది ఇచ్చేయడం అతనికి అలవాటు. తాళం మాత్రం ఇవ్వలేదు. "నాకు ప్రార్థన మాటలు కూడా గుర్తు రాలేదండి" అని తబిత తర్వాత మాకు చెప్పింది.

అబూ యూసుఫ్ మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి అరుపు రాలేదు. "యుమ్మా" అని తల్లిని పిలుస్తూ జీపు తలుపుకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గంగరాజు పరుగున వెళ్ళి డేరా తాళ్ళు తెచ్చి ఒకదానికొకటి ముడేశాడు. ఒక కొస డేరా గుంజకు కట్టాడు. తబితను అక్కడే నిలబడి గరిటెతో పళ్ళెం మీద కొడుతూ ఉండమన్నాడు, దారి తప్పితే ఆ చప్పుడు పట్టుకుని రావచ్చని. కఫీలూ కూలీ ఒకే తాడు పట్టుకుని మంచులోకి నడిచారు.

మొదట లారీల దారి వైపు వెళ్ళారు. "యుమ్మా!" అని ఒకరు, "అవ్వా!" అని ఒకరు పిలిచారు. ఎక్కడో హారన్ మోగితే ఇద్దరూ కొయ్యబారిపోయారు. ఒకచోట నల్లగా ఏదో కనబడితే అబూ యూసుఫ్ ఆత్రంగా దాని మీద పడ్డాడు. ఎవరో పారేసిన గోనెసంచి. తాడు అక్కడికి అయిపోయింది. దాన్ని బిగబట్టి గుంజ చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. కాసేపటికి తాడు దేనికో తట్టుకుని కదల్లేదు. విడిపించడానికి గంగరాజు తాడు వెంటే వెళ్ళాడు. అది జీపు వెనక, అవతలి వైపు చక్రానికి పట్టుకుంది.

ఆ చక్రానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది అవ్వ. కొడుకు అరుపులన్నీ వింది. తననే తిడుతున్నాడనుకుని, ముసుగు అంచు నోట్లో కుక్కుకుని చప్పుడు చేయకుండా ఉంది.

"అవ్వ ఈడున్నది!" అని గంగరాజు తెలుగులోనే కేక పెట్టాడు. అబూ యూసుఫ్ వచ్చి తల్లిని చూశాడు, చక్రాన్ని చూశాడు. జీపు ముందు నీళ్ళ ట్యాంకు. బండి తీస్తే వెనక్కే తీయాలి. అతను ఇసుకలో కూలబడి తల్లి పాదాలు పట్టుకుని రుద్దుతూ ఉండిపోయాడు. గంగరాజు తాళం ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు.

మరుసటి వారం సహవాసంలో అందరి నోటా గంగరాజు మాటే. నేను ఆగలేక డేరాల దగ్గరికి వెళ్ళాను. అతను మేకు కొడుతున్నాడు.

"నిన్ను పిరికివాడన్నాను గంగరాజూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అంత ధైర్యం ఎక్కడిదయ్యా నీకు?"

అతను సుత్తి కింద పెట్టి, చేతులు తొడలకు తుడుచుకున్నాడు. మొహంలో భయం ఇంకా పోలేదు.

"ధైర్యం ఏడిది అన్నా? ఆయన అర్సినకొద్ది నా పానం జారిపోయింది. ఇంకొక్కపారి అర్సుంటే ఇచ్చేటోన్నే. అంతల ఆయన ఏడ్వవట్టె. గప్పటికే తాళం జేబులకెల్లి తీసిన, చేతిల ఉండె."