నొప్పి ఎప్పుడూ రెండే అన్న మేనేజర్

2022 వేసవి. అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో ఫిజికల్ థెరపిస్టుగా నాకది తొమ్మిదో ఏడు. మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చిప్ ఫ్యాక్టరీల్లో గంటల తరబడి నిలబడి నడుం పట్టేసినవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు. ఫుట్‌బాల్ మేనేజర్ రావడం అదే మొదటిసారి. పేరు డెరెక్ అనుకుందాం. యాభై దాటిన ఇంగ్లీషువాడు. వాళ్ల దేశంలో నాలుగో డివిజన్‌లో పన్నెండేళ్లు డిఫెండర్‌గా ఆడి, తర్వాత చిన్న క్లబ్బులకు మేనేజర్‌గా చేసి, మా ఊరి దగ్గరి ఒక క్లబ్‌కి వచ్చాడు. మేనేజర్ అంటే వాళ్ల లెక్కలో జట్టును ఎంచి, ఆట నేర్పి, ఓడితే ముందు ఉద్యోగం పోగొట్టుకునే మనిషి.

ప్రాక్టీసులో ఎలా ఆడాలో ఆటగాళ్లకు చూపించబోతే ఎడమ మోకాలు మెలిపడిందన్నాడు. పనిలో తగిలిన దెబ్బ కనుక అది వర్కర్స్ కాంపెన్సేషన్ కేసు. అంటే వైద్యం ఖర్చు క్లబ్ తరఫు బీమాది. నా నోట్స్ ఆ బీమావాళ్లు కూడా చదువుతారు.

"మీరు రాసేవి క్లబ్‌కి వెళ్తాయా?" ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"మీరు పనికి ఎప్పుడు సిద్ధమవుతారన్నది వెళ్తుంది" అన్నాను. ఆయన మొహం బిగుసుకుంది. నా అనుమానం అక్కడే మొదలైంది.

నొప్పిని సున్నా నుంచి పది దాకా చెప్పమనడాన్ని పెయిన్ స్కేల్ అంటాం. ఎక్కడ నొక్కినా "రెండు" అనేవాడు. మోకాలు పూర్తిగా వంచినా రెండే. వాపు లేదు, కీలు గట్టిగానే ఉంది. రెండో వారం దెబ్బ ఎలా తగిలిందని మళ్లీ అడిగితే మెట్ల మీద జారానన్నాడు. బూట్లు విప్పమంటే "వైద్యం మోకాలికి కదా" అని నవ్వేశాడు. డాక్టర్ రాసి పంపింది మోకాలికే కాబట్టి నేనూ పట్టుబట్టలేదు. క్లినిక్ లోపల మాత్రం మోకాళ్లు ఎత్తెత్తి ఠీవిగా నడిచేవాడు. ఒకరోజు కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్‌లో కారు తలుపు పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. ఎవరైనా గమనిస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. అరిజోనా జూలై ఎండలో ఎవరూ ఊరికే అలా నిలబడరు.

భీమవరం నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న మా సీనియర్ గ్రేసక్కతో లంచ్ దగ్గర చెప్పాను.

"పాత ఇంజురీని పనిలో తగిలిందని క్లెయిమ్ చేస్తున్నాడేమోనే. ఇలాంటోళ్లని బోల్డుమందిని చూశాను" అంది.

"నాకూ అలానే ఉందక్కా. స్టోరీ కూడా మార్చాడు."

"అయితే అదే డాక్యుమెంట్ చెయ్యి. రేపు నీ లైసెన్స్ మీదకి తెచ్చుకోకు."

ఆ మధ్యాహ్నమే ఆయన ఆరో విజిట్. ఆయన రాకముందే కంప్యూటర్‌లో టైప్ చేసి పెట్టాను: "పేషెంట్ చెప్పేదానికీ పరీక్షలో కనిపించేదానికీ పొంతన లేదు." మా వృత్తిలో ఆ ఒక్క వాక్యం చాలు, మనిషి అందరి కళ్లకూ అబద్ధాలకోరు అయిపోతాడు. దానికి రుజువు కావాలి కాబట్టి పూర్తిగా పరీక్షిద్దామనుకున్నాను.

"ఇవాళ బూట్లు విప్పాల్సిందే."

"అవసరమా?"

"అవసరమే."

చాలాసేపు లేసులతో తంటాలు పడ్డాడు. మడమలు ఆన్చి ఉంచి రెండు పాదాలూ పైకి ఎత్తమన్నాను. కుడిది లేచింది. ఎడమది లేవలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది గానీ పాదం కదల్లేదు. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు. వెన్నులో నరం నొక్కుకుపోతే ఇలా జరుగుతుంది. ఠీవి అని నేననుకున్నది, కాలివేళ్లు నేలకు తట్టకుండా ఆయన పడుతున్న పాటు.

"తొడల లోపలివైపు మొద్దుబారిందా? మూత్రానికి ఇబ్బందిగా ఉందా?"

ఆయన గోడవైపు చూస్తూ, "నిన్నటి నుంచి సరిగా రావడం లేదు" అన్నాడు.

వెన్ను అడుగున నరాలన్నీ నొక్కుకుపోతున్నాయన్నమాట. అది గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన స్థితి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలన్నాను.

"శనివారం మ్యాచ్ ఉంది. వరసగా ఓడుతున్నాం. మోకాలంటే రెండు వారాల్లో తగ్గుతుందని ఆగుతారు, వెన్నంటే పంపించేస్తారు. నా వీసా ఈ ఉద్యోగం మీదే. పోతే అరవై రోజుల్లో దేశం వదలాలి."

ఆ అరవై రోజుల లెక్క వీసా మీద వచ్చిన నాకు ఎవరూ వివరించక్కర్లేదు. "వెన్ను ఎప్పటినుంచి?" అన్నాను.

"ఇరవై ఆరో ఏట నుంచి. మా మేనేజర్ దెబ్బ తగిలినవాణ్ని పలకరించేవాడు కాదు. ఎదురుపడినా చూడనట్టు పోయేవాడు. ఇంజెక్షన్ చేయించుకుని ఆడేవాళ్లం. నొప్పి అన్నవాడికి మరో ఏడాది కాంట్రాక్టు ఉండేది కాదు. మేనేజర్నయ్యాక నేనూ అదే చేశాను. ఒకతను మడమ నొప్పంటే జట్టంతా వింటుండగా నాటకాలాడకన్నాను. అతను మళ్లీ ఆడలేదు."

గ్రేసక్కను పిలిచాను. వచ్చి ఆ పాదం చూసింది, వెంటనే 911కి ఫోన్ చేసింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. నేను వెళ్లి ఆ వాక్యం చెరిపేశాను.

ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. మూత్రం ఇబ్బంది పోయింది, పాదంలో బలం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. సీజన్ ముగిశాక క్లబ్ కాంట్రాక్టు పొడిగించలేదు. ఇంగ్లండ్ వెళ్లేముందు పాదాన్ని ఎత్తిపట్టే బ్రేస్ కాలికి వేసుకుని, చెప్పిపోవడానికి వచ్చాడు. ఆ మడమ నొప్పి ఆటగాడికి ఫోన్ చేశాడట.

"ఎత్తలేదు. మళ్లీ చేస్తాను" అన్నాడు.

ఆయన అబద్ధమాడుతున్నాడన్న నా అనుమానం నిజమే. ఎందుకన్నది మాత్రం నేనే ఊహించేసుకుని, పరీక్షకు ముందే తీర్పు రాసేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి రోజే బూట్లు విప్పిస్తాను. నొప్పి ఎంతని అడిగాక ఇంకొకటి కూడా అడుగుతాను: "ఈ సంగతి ఎవరికి తెలుస్తుందని మీ భయం?" చాలామంది నవ్వేస్తారు. కొందరు మాత్రం తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, అప్పుడు చెప్పడం మొదలుపెడతారు.