ముప్పై నాలుగో పేజీ దాకా తప్పిపోని బర్రె

తాను రాసిన నవల కోసం పిల్లలంతా గుమ్మాల్లో నిలబడి ఎదురుచూస్తున్నారని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. మానవపాడు నుంచి రోజూ బస్సెక్కి గద్వాలకు పోయి, పత్తి విత్తనాల వ్యాపారి ఆఫీసులో రైతులకు ఉత్తరాలు టైపు చేసేదాన్ని. ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించేది పెద్ద సారు (మనిషి పొట్టే, పెద్దరికమంతా మీసాల్లో ఉండేది). మధ్యాహ్నం అన్నాల వేళ, ఆయన కునుకు తీసేటప్పుడు, దొంగచాటుగా ఒక నవల రాసేశాను. ఒక పిల్ల, తప్పిపోయిన తన బర్రెను వెతుక్కుంటూ కృష్ణ ఒడ్డు వెంట నడిచిపోయే కథ. దాని మొదటి భాగం చూసి, వనపర్తిలో జరిగే వారం రోజుల శిబిరానికి రమ్మని పిలుపొచ్చింది. పిల్లల నవలలు రాసినవాళ్ళు ఐదుగురు అక్కడే ఉండి, తిని, పడుకుని, తమ నవలల్ని తిరగరాసుకోవాలి. బాగా కుదిరినవాటిని పుస్తకాలుగా వేస్తారు.

వారం సెలవు ఎట్లా? పెళ్ళంటే శుభలేఖ అడుగుతారు, చావంటే ఎవరో ఒకరిని చంపాలి. ఎండాకాలం కదా అని, గొంతు నీరసంగా పెట్టి సారుకు ఫోన్ చేశాను. “సార్, నాకు అమ్మవారు పోసింది.” ఆయన అదిరిపడ్డాడు. “అయ్యో, పదిరోజులు రాకు తల్లీ! ఆఫీసుల అందరికి అంటిస్తవ్!” పక్కనుంచి విన్న మా అమ్మకు అంతకంటే భయమేసింది. “అమ్మవారి పేరు జెప్పి అబద్ధమాడుతవా? ముందుగాల లెంపలేసుకో!” అని దేవుడి పటం ముందు నిలబెట్టి పదకొండుసార్లు వేయించి గానీ బస్సెక్కనివ్వలేదు.

శిబిరం, సెలవులకు మూసేసిన ఒక బడిలో. ఒకటో తరగతి బెంచీల మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కూర్చునేవాళ్ళం. మా నవలలు చూసే మేడం నాగర్‌కర్నూల్‌లో టీచరుగా చేసి రిటైరైంది. మొదటి పూటే మేము ఆమెకు కత్తెరమ్మ అని పేరు పెట్టేసుకున్నాం. నా మొదటి అధ్యాయం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “తెల్లారనీకి పదకొండు పేజీలు పట్టిందమ్మా. మా ఊర్ల ఒక్క గంటల తెల్లారుతది” అంది. మిగిలిన నలుగురూ నవ్వారు. (వాళ్ళ వంతు వచ్చినప్పుడు నేనూ నవ్వాననుకోండి.) మూడు రోజులు కొట్టివేతలు, తిరగరాతలు, జొన్నరొట్టెలు. కానీ ఆ పదకొండు పేజీల్లో ఒక్క వాక్యం కూడా తీయనని భీష్మించుక్కూచున్నాను.

నాలుగోరోజు చుట్టుపక్కల పిల్లల్ని పిలిపించారు. ఒకరి నవలను ఇంకొకరు చదవాలి, రాసినవాళ్ళు నోరు విప్పకుండా వినాలి. అది కత్తెరమ్మ పెట్టిన పద్ధతి. నా వంతు మొదలవబోతుండగా గేటు దగ్గర స్కూటర్ ఆగింది. దాని మీంచి రెండు జడల పిల్ల ఒకతి దిగింది. వెనకాల మీసాలు దిగాయి. మా పెద్ద సారే! వనపర్తిలో ఉన్న చెల్లెలింటికి వచ్చి, మేనకోడల్ని కథలకు తీసుకొచ్చాడట.

నేను ఒక్క ఉరుకున వంటింట్లో దూరాను. అక్కడ వంటక్క గోకరకాయలు తుంచుతోంది. విషయం చెప్పాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, “పోసినట్లు లేదు గద మొఖం! ఉండు, పసుపు రాస్త. సూసినా నమ్ముతడు” అని, డబ్బాలోంచి పసుపు తీసి నీళ్ళతో కలిపి, నా కుడిచెంపకు దట్టంగా పట్టించింది. ఎడమచెంపకు రాయబోయేసరికి అవతల చదవడం మొదలైంది. ఇద్దరం తలుపు సందులో చెవులు పెట్టాం.

తెల్లారుతోంది, తెల్లారుతోంది, ఇంకా తెల్లారుతూనే ఉంది. పిల్లలు ఆవులిస్తున్నారు. రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. “మేడం, బర్రె ఎప్పుడు తప్పిపోతది?” కత్తెరమ్మ కాగితాలు తిప్పి, “ముప్పై నాలుగో పేజీల” అంది. “అయితే గాడికెళ్ళి సదువుండ్రి!” అన్నారు పిల్లలంతా. ముప్పై మూడు పేజీలు పోయాయి గానీ ఓర్చుకున్నాను. అక్కణ్నుంచి చదివారు. బర్రె తప్పిపోయింది, పిల్లలు ముందుకు జరిగారు, నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత కథలోని పిల్ల నాయనమ్మ చనిపోయే ఘట్టం. నేను ఏడుస్తూ రాసింది. అది అయిపోగానే రెండు జడల పిల్ల మళ్ళీ చెయ్యెత్తింది. “నాయనమ్మకు ఏం రోగం లేదు గద? ఎందుకు సచ్చిపోయింది? ఆమెతోని ఏం జేయాల్నో తెల్వక రాసినామెనే సంపేసినట్లుంది.”

అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. ఉద్యోగం, సారు, అమ్మవారు, అన్నీ మరిచిపోయి తలుపు తోసుకుని బయటికొచ్చి అరిచాను. “కాదు! ఆమెకు గుండెజబ్బుంది!”

పిల్ల ఏమాత్రం తొణకలేదు. “ఏ పేజీల రాసిన్రక్కా?”

ఏ పేజీలోనూ లేదు. అందరి ముందూ నిలబడ్డాను, ఒక చెంప పచ్చగా, ఒక చెంప తెల్లగా. పెద్ద సారు కుర్చీలోంచి మెల్లగా లేచాడు. “ఏందమ్మా, అమ్మవారు ఒక్క దిక్కే పోసిందా?”

పిల్లలు పడీపడీ నవ్వారు. నేను వరండాలోకి నడిచాను, ఆయన వెనకే వచ్చాడు. “జర నిజం జెప్తే ఏమైతుండె?” అన్నాడు. ఏడుపు ఆపుకుంటూ, “నవల దిద్దుకుంటా, వారం సెలవియ్యున్రి అంటే ఇస్తుంటిరా సార్?” అని అడిగాను. ఆయన మీసం సవరించుకుంటూ నిజాయితీగా ఆలోచించాడు. “ఇయ్యకపోతుంటి” అన్నాడు చివరికి. ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆపి, “అయినా అబద్ధం అబద్ధమే. ఈ వారం జీతం రాదు. ఉద్యోగం ఈసారి మూడు నెలలే పొడిగిస్త. దాని తర్వాత సూద్దాం” అన్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, “ఇంతకు బర్రె దొరుకుతదా?” అని అడిగాడు. దొరుకుతుందన్నాను. “అట్లయితె మంచిది” అని స్కూటరెక్కాడు.

మిగిలిన మూడు రోజుల్లో తెల్లవారడాన్ని మూడు వాక్యాలకు కుదించాను. నాయనమ్మను బతికించాను. బతికాక ఆమె ఊరికే కూర్చోలేదు. చేతికర్ర పట్టుకుని మనవరాలితో కృష్ణ ఒడ్డుకు బయల్దేరింది, దారిపొడవునా అందరితో పోట్లాడింది, నేను అనుకోని మాటలెన్నో మాట్లాడింది. పుస్తకం సగానికి సగం సన్నబడి అచ్చయింది. చదివిన పిల్లలు బర్రె సంగతి మరిచిపోయి నాయనమ్మ గురించే అడుగుతారు.

ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు, అడగాల్సిన సారూ లేడు. రాసుకోవడానికి బల్ల ఉంది, ఫ్యాను ఉంది, కావలసినన్ని తీరిక దినాలున్నాయి. రోజూ పొద్దున ఆ బల్ల ముందు కూర్చుని, టీ తాగి, పేపరు చదివి, కిటికీ తుడిచి, రేపు రాద్దాంలే అని లేచిపోతుంటాను. ఒక కథ కోసం దేవతనే సాక్ష్యం పెట్టి పారిపోయిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వయ్యాక, నిజం చెప్పొద్దూ, కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది.