పేరును నమ్మని రాఘవేంద్ర సారు

గద్వాలలో మాకు ప్రోగ్రామింగ్ నేర్పిన గురువర్యులు రాఘవేంద్ర సారు గత వారం కాలధర్మం చెందారు. ఆ వార్త ఫోన్లో చదివి నేను నమ్మలేదు. ఆ పేరుగలవారు మా ఊళ్లో వీధికొకరున్నారు. ఇంకెవరో అయి ఉంటారని వారింటికే ఫోన్ చేశాను. సారు భార్య ఎత్తి, "నిజమే బిడ్డా, పొద్దుగాల దవాఖానలనే పోయిండు మీ సారు" అన్నారు.

సంతాప సభలో ఒక పెద్దమనిషి, "సారు అందరినీ నమ్మిన ధర్మమూర్తి" అన్నారు. అంతకంటే పెద్ద అబద్ధం ఇంకోటి లేదు. బోర్డు చదివి వనపర్తి బస్సెక్కాక కూడా "వనపర్తికేనా?" అని కండక్టరును అడిగే మనిషాయన. బోర్డు మార్చడం మరిచి ఉంటారని శంక.

క్లాసులోనూ అంతే. ప్రోగ్రాంలో వేరియబుల్ అంటే ఒక విలువకు మనం పెట్టుకునే పేరు. "పేరు జూసి నమ్ముతరా? లోపల ఏమున్నదో జర తెర మీద ప్రింట్ చేసి జూడుండ్రి" అనేవారు. ఆయన అనుమానమంతా మా మీదేనని నా అనుమానం. మగ్గం ఇంటి పిల్లకు ఇదేం వస్తుందనుకుంటున్నారని ఉడుక్కునేదాన్ని.

మా నాన్న నేసే చీరకు ఒకవైపు పెద్దంచు, మరోవైపు చిన్నంచు. అంచు నమూనా కోసం మగ్గానికి కట్టే జకార్డు అట్టల్లో ఎక్కడ రంధ్రాలు పొడవాలో చెప్పే ప్రోగ్రాం రాశాను. ఇంట్లో రెండింటినీ అంచు అనే అంటాం కనుక, రెండు నమూనాలకూ అదే పేరు పెట్టాను. ఆ పేరుకు రెండోది ఇవ్వగానే అందులోని మొదటిది చప్పుడు లేకుండా చెరిగిపోయింది. కంప్యూటర్ ఏ తప్పూ చూపలేదు. నేను మురిసిపోతుంటే సారు కళ్లద్దాలు పైకి జరిపారు.

"గింత సక్కగ వచ్చిందంటే నాకు డౌటే. పెద్దంచు ఏదమ్మా?"

"అండ్లనే ఉంది సార్."

"ఉందంటున్నవు. చూసినవా?"

చూశాను. రెండువైపులా చిన్నంచే ఉంది. అట్టలు అలాగే పొడిచి ఉంటే నాన్న పట్టు పాడైపోయేది. సారు తిట్టలేదు. "దేనికి దాని పేరు పెట్టు బిడ్డా. రేపు నీకే తెల్వదు ఏది ఏదో" అన్నారు. ఆ తర్వాత ఏ కొత్త నమూనా అయినా సారు శంకించాకే మా మగ్గమెక్కేది.

ఇప్పుడొక పెళ్లిచీర నమూనా సిద్ధంగా ఉంది. మగ్గానికి పట్టు ఎక్కించి నాన్న ఎదురుచూస్తున్నాడు. "ఇంకేం జూస్తున్నవ్? నువ్వు రాస్తే తప్పుంటదా?" అంటున్నాడు. అమ్మ బాగుందంది, తోటివారూ బాగుందన్నారు. ప్రతి పేరులో ఏముందో మళ్లీ మళ్లీ చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా అట్టలు ఇంకా పొడవలేదు.

గురువుగారూ, మీ పాదాలకు నా అశ్రునివాళి. ఇక్కడ అందరూ నన్ను నమ్ముతున్నారు. నాకు భయమేస్తోంది.